డీజిల్ ఇంజను పొగగొట్టం

డీజిల్ ఇంజను పొగగొట్టం అనగా సిలిండర్లలో ఇంధనం మండిన తరువాత మిగిలిన వేడి వాయువులను ఇంజను నుండి బయటకు పంపే గొట్టం. సిలిండర్ల నుండి వాయువులను ఒకచోటికి చేర్చే మానిఫోల్డు, టర్బోచార్జరు, శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు, చివరనుండే పొగగొట్టం కలిసి ఎగ్జాస్టు వ్యవస్థ అవుతాయి. రైలింజనులో ఈ గొట్టం పైకప్పు మీదికి తెరచుకొని ఉంటుంది. పికప్ ట్రక్కులో అది ఛాసిస్ కిందుగా సాగి వెనుక చక్రం దాటాక ముగుస్తుంది. గొట్టం నుండి ఎగసే నల్లటి పొగను ఇంజను బలానికి గుర్తుగా భావించేవారు చాలామంది ఉన్నారు. వాస్తవానికి అది సరిగా మండని ఇంధనం.

నల్లపొగకు కారణం

పెట్రోలు ఇంజనులో వలె డీజిల్ ఇంజనులో గాలిని, ఇంధనాన్ని ఒకే నిష్పత్తిలో కలిపి లోనికి పంపరు. సిలిండరులోకి గాలి వస్తుంది, పంపు అవసరమైనంత డీజిలును అందులోకి చిమ్ముతుంది. శక్తి ఎక్కువ కావాలంటే డీజిలును పెంచుతారు. ఆ క్షణంలో దానికి తగిన గాలి అందకపోతే ఇంధనంలోని కర్బనం పూర్తిగా దహనం కాక మసిగా మారుతుంది. అదే నల్లపొగ. పొగ తెల్లగా ఉంటే చల్లటి ఇంజనులో మండకుండా మిగిలిన డీజిలు తుంపరలు గాని, నీటి ఆవిరి గాని కారణం కావచ్చును. నీలిరంగు పొగ కందెన నూనె మండుతున్నదని తెలుపుతుంది. అందువలన మెకానిక్కులు ముందుగా పొగ రంగును గమనిస్తారు.

రైలింజన్లలో

భారతీయ రైల్వేలలో దశాబ్దాలపాటు ప్రధాన డీజిల్ ఇంజనుగా ఉన్న డబ్ల్యుడిఎం-2 అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ రూపకల్పన. 1962 నుండి దిగుమతి అయిన ఈ ఇంజన్లను 1964 నుండి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారుచేశారు. కాజీపేట, గుత్తి, విశాఖపట్నం షెడ్లలో కూడా ఇవి ఉండేవి. 16 సిలిండర్లు, 2600 అశ్వశక్తి గల ఈ ఇంజనులో టర్బోచార్జరు కేవలం ఎగ్జాస్టు వాయువుల ఒత్తిడితోనే తిరుగుతుంది. డ్రైవరు నాచ్ పెంచగానే డీజిలు వెంటనే పెరుగుతుంది, టర్బోచార్జరు వేగం అందుకొని గాలిని నెట్టడానికి మాత్రం కొన్ని సెకనులు పడుతుంది. బండి స్టేషను నుండి కదిలేటప్పుడు దట్టమైన పొగ లేవడానికి కారణమిదే. అమెరికాలో రైలు అభిమానులు ఆల్కో ఇంజన్లను హాస్యంగా "గౌరవ ఆవిరి ఇంజన్లు" అనేవారు.

జనరల్ మోటార్స్ (ఇఎండి) రూపకల్పన అయిన డబ్ల్యుడిజి-4 ఇంజన్లు 1999లో భారతదేశానికి వచ్చాయి. వీటిలో తక్కువ వేగం వద్ద టర్బోచార్జరును పళ్ళచక్రాల ద్వారా ఇంజనే తిప్పుతుంది. ఎగ్జాస్టు వాయువుల బలం చాలినంత పెరిగాక క్లచ్ విడిపోయి, టర్బోచార్జరు వాటితోనే తిరుగుతుంది. గాలి ఆలస్యం కాదు గనుక పొగ తక్కువ.

గంటల తరబడి పని లేకుండా ఆన్‌లో ఉంచిన ఇంజనులో నూనె, మసి గొట్టంలో పేరుకుంటాయి. తరువాత ఒక్కసారిగా భారం పడితే అవి అంటుకొని నిప్పురవ్వలుగా ఎగిరి, పట్టాల పక్కనున్న ఎండుగడ్డిని కాల్చగలవు. టర్బోచార్జరు చక్రం రవ్వలను చాలావరకు నలగగొడుతుంది. అది లేని ఇంజన్లకు ప్రత్యేకంగా రవ్వల నిరోధకం అమరుస్తారు.

సొరంగాలలో పొగ

పొగగొట్టం పైకి ఉండడం ఆరుబయట మేలే గాని, సొరంగంలో చిక్కు తెచ్చిపెడుతుంది. ముందున్న ఇంజను వదిలిన వేడి వాయువులు కప్పు కింద నిలిచిపోతాయి. వెనుకనున్న ఇంజన్లు రేడియేటరు చల్లబరచుకోవడానికి ఆ గాలినే పీల్చి, వేడెక్కి శక్తిని కోల్పోతాయి. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాలలో సదరన్ పసిఫిక్ రైల్వే ఈ ఇబ్బందిని ఎక్కువగా ఎదుర్కొంది. 1972లో వచ్చిన ఎస్‌డి45టి-2 ఇంజనులో పొగగొట్టాన్ని కదపకుండా, రేడియేటరు గాలి ద్వారాలను నడకదారి ఎత్తుకు దించి సమస్యను పరిష్కరించారు. వీటిని "సొరంగపు ఇంజన్లు" అని పిలిచేవారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని సుమారు 12.5 కిలోమీటర్ల కాస్కేడ్ సొరంగంలో 1956 వరకు విద్యుత్ ఇంజన్లు నడిచాయి. డీజిలుకు మారినపుడు తూర్పు ద్వారానికి తలుపు, పెద్ద ఫ్యానులు అమర్చవలసి వచ్చింది.

పికప్ ట్రక్కులలో

అమెరికాలో కొందరు పికప్ యజమానులు కింది గొట్టాన్ని తొలగించి, క్యాబిన్ వెనుక సరుకు తొట్టిలో నిలువు గొట్టాలు పెట్టించుకుంటారు. దూరప్రయాణపు భారీ లారీలలో ఎత్తైన గొట్టం పొగను రోడ్డు మీది జనానికి పైన వదలడానికి ఉపయోగపడుతుంది. పికప్‌లో మాత్రం అది ఎక్కువగా అలంకారమే, పైగా సరుకు స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఇంకొందరు కావాలని అదనపు డీజిలు చిమ్మించి నల్లపొగ వదులుతారు. దీనిని "రోలింగ్ కోల్" అంటారు. ఇందుకు ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించడం స్వచ్ఛ గాలి చట్టానికి విరుద్ధమని అమెరికా పర్యావరణ సంస్థ 2014లో స్పష్టం చేసింది. న్యూజెర్సీ 2015లో, కొలరాడో 2017లో ఈ అలవాటును నిషేధించాయి. గడచిన దశాబ్దంలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌లలో ఈ పరికరాలను తొలగించారని అదే సంస్థ 2020లో అంచనా వేసింది.

ఆరోగ్యం, నియంత్రణ

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మసి కణాలు మిక్కిలి సూక్ష్మమైనవి కావడంతో ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. కనుక గొట్టాన్ని ఎత్తు చేసినంత మాత్రాన హాని తొలగదు.

భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బిఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చి, డీజిలులో గంధకం పదిలక్షలకు 50 వంతుల నుండి 10 వంతులకు తగ్గింది. కొత్త డీజిల్ పికప్‌ల గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. కొన్ని వాహనాలలో నైట్రోజన్ ఆక్సైడులను తగ్గించడానికి యూరియా ద్రావణాన్ని కూడా చిమ్ముతారు. ఫిల్టరులో చేరిన మసిని వాహనమే సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చివేసుకుంటుంది. ఎప్పుడూ సంతలకు, వీధులకు మధ్య కొద్ది దూరాలే తిరిగే బండిలో అంత వేడి పుట్టక ఫిల్టరు మూసుకుపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడు బండిని కొంతసేపు ఆపకుండా హైవే మీద స్థిరమైన వేగంతో నడిపితే సాధారణంగా మసి కాలిపోతుంది. అయినా దీపం ఆరకపోతే సర్వీసు కేంద్రంలో యంత్రం ద్వారా శుభ్రపరుస్తారు.