ఇండోర్ ఎయిర్‌సాఫ్ట్ క్రీడ: పుట్టుక, పరిణామం

అసలు తుపాకుల ఆకారాన్ని, బరువును అనుకరిస్తూ, గాలి లేదా వాయువు ఒత్తిడితో 6 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్ గుళికలను వదిలే నకలు తుపాకులతో రెండు జట్లు ఆడే పోరాటక్రీడకు ఎయిర్‌సాఫ్ట్ అని పేరు. ఈ గుళికలను ఆటగాళ్లు బీబీలంటారు. ఒక్కొక్కటి సాధారణంగా 0.2 గ్రాముల బరువుంటుంది. తిరునాళ్లలో బుడగలు పేల్చడానికి వాడే ఎయిర్‌గన్ లోహపు గుళ్లను వదులుతుంది కాబట్టి దానిని మనిషి మీదికి ఎక్కుపెట్టడమే ప్రమాదం. ఎయిర్‌సాఫ్ట్ తుపాకి మాత్రం మనిషికి తగిలినా చర్మం చురుక్కుమనడమో చిన్న మచ్చ పడడమో తప్ప గాయం కానంత తక్కువ శక్తితో రూపొందింది. కంటికి మాత్రం ఆ శక్తి కూడా చాలా ఎక్కువే. అడవుల్లో, కొండవాలుల్లో మొదలైన ఈ ఆట తర్వాతి దశాబ్దాలలో గోదాములు, మూతపడిన కర్మాగారాలు, ఖాళీ అంగళ్ల సముదాయాలలోకి ప్రవేశించి, గోడలు, గుమ్మాలు, మెట్ల మధ్య సాగే ప్రత్యేక శాఖగా స్థిరపడింది. ఈ శాఖ స్వరూపాన్ని తుపాకుల పరిజ్ఞానం కన్నా ఆయా దేశాల చట్టాలూ, నగరాల్లో స్థలం కొరతా ఎక్కువగా నిర్ణయించాయని చెప్పవచ్చు.

జపాన్‌లో పుట్టుక

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లో పౌరులు తుపాకి కలిగి ఉండడం దాదాపు అసాధ్యమైంది. 1958 నాటి తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం ఆ కట్టడిని మరింత బిగించగా, తుపాకులపై ఆసక్తి గలవారు పేల్చడానికి వీలులేని లోహపు నమూనాలను సేకరించి తృప్తిపడేవారు. మోడల్ గన్‌లనే ఈ నమూనాలు చూపులకు అసలు తుపాకుల్లాగే ఉండడంతో ప్రభుత్వం 1971లో చట్టాన్ని సవరించి, పిస్తోలు ఆకారపు లోహ నమూనాల గొట్టాన్ని పూర్తిగా మూసివేయాలనీ, వాటికి తెలుపు లేదా పసుపు రంగు వేయాలనీ నిర్దేశించింది. 1977లో మరో సవరణ ఈ నిబంధనలను ఇంకా కఠినతరం చేసింది. ఈ ఆంక్షలు లోహానికి సంబంధించినవే కావడం వల్ల తయారీదారులు ప్లాస్టిక్ వైపు మళ్లారు. ప్లాస్టిక్ నమూనాకు నల్లరంగు వేయవచ్చు, దాని గొట్టం తెరిచి ఉంచవచ్చు, లోపల స్ప్రింగు, ముషలకం అమర్చితే అది చిన్న గుళికను వదలనూ గలదు. కొనుగోలుదారుల కోరికను అణచడానికి వచ్చిన చట్టమే ఆ కోరిక తీరే కొత్త దారిని చూపించిందన్నమాట.

1970 దశకం చివర వచ్చిన తొలి స్ప్రింగు తుపాకులను ప్రతి గుళికకూ చేత్తో లాగి బిగించవలసి వచ్చేది. 1980 దశకంలో వాయువుతో పనిచేసేవి వచ్చాయి. అప్పట్లో శీతలీకరణ యంత్రాలలో వాడే వాయువునే వీటిలోనూ నింపేవారు. ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువుల వాడకాన్ని అరికట్టే మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరిన తర్వాత పరిశ్రమ క్రమంగా హెచ్ఎఫ్‌సీ 134ఎ అనే వాయువుకు మారింది. వాయువు తుపాకులకు చలి పెద్ద శత్రువు: ఉష్ణోగ్రత పడిపోయేకొద్దీ ఒత్తిడి తగ్గి గుళిక వేగం మందగిస్తుంది. ఈ ఇబ్బందిని టోక్యో మరుయి సంస్థ 1991లో విడుదల చేసిన ఫ్రెంచి ఫామాస్ రైఫిల్ నకలు తీర్చింది. అందులో బ్యాటరీతో తిరిగే మోటారు పళ్లచక్రాల ద్వారా ముషలకాన్ని వెనక్కు లాగి వదులుతుంది; ముషలకం ముందుకు దూసుకొచ్చినప్పుడు నొక్కుకున్న గాలి గుళికను తోస్తుంది. ఏ వాతావరణంలోనైనా వందల గుళికలను ఒకే తీరుగా వదలగల ఈ విద్యుత్ తుపాకి వచ్చాకే ఎయిర్‌సాఫ్ట్ కొద్దిమంది అభిరుచిపరుల వ్యాపకంగా కాక క్రీడగా నిలదొక్కుకుంది.

దీనికి తోడైన మరో మార్పు హాప్-అప్ అనే అమరిక. గొట్టం మొదట్లో పైభాగాన ఉంచిన చిన్న రబ్బరు ముక్క గుళికను రాసుకొని దానికి వెనక్కు తిరిగే సుడిని ఇస్తుంది. అలా తిరిగే వస్తువుపై పైకెత్తే బలం పనిచేస్తుందని 19వ శతాబ్దిలో జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ గుస్టాఫ్ మాగ్నుస్ వివరించాడు. ఆ బలం గురుత్వాన్ని కొంతసేపు సరితూచడం వల్ల తక్కువ శక్తి గల గుళిక సైతం నలభై, యాభై మీటర్ల దాకా నిలకడగా సాగుతుంది. ఇంతటి నేర్పుతో సాధించిన దూరం గోడల నడుమ దాదాపు అక్కరకు రాకపోవడం ఈ క్రీడాచరిత్రలో ఒక వింత.

గోడల మధ్యకు

కప్పు కింద పోరాట క్రీడలు ఆడించే ఆలోచన ఎయిర్‌సాఫ్ట్ భవనాల్లోకి రాకముందే ఉంది. 1981లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ అడవిలో తొలిసారి ఆడిన పెయింట్‌బాల్ మొదట ఆరుబయటి ఆటగానే వ్యాపించింది. అయితే 1984లో జార్జ్ కార్టర్ టెక్సస్ రాష్ట్రంలోని డల్లాస్‌లో తెరిచిన ఫోటాన్ కేంద్రం, పరారుణ కిరణాలతో ఆడే లేజర్ ట్యాగ్‌కు చీకటిగదుల అరీనాను పరిచయం చేసింది. అరీనా నిర్మాణానికి మరో మాతృక సైనిక శిక్షణ నుంచి వచ్చింది. బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్ఏఎస్ హెర్‌ఫర్డ్‌లో కిల్లింగ్ హౌస్ పేరుతో నడిపిన శిక్షణ గృహం, గదిలోకి జొరబడి బందీలను విడిపించే పద్ధతులను అలవరచడానికి కట్టినది. 1980 మే నెలలో లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయంపై ఆ దళం జరిపిన దాడిని టెలివిజన్‌లో ప్రపంచమంతా చూసింది. గదిలో జరిగే దగ్గరి పోరుకు సైనికులు వాడే సీక్యూబీ అనే సంక్షిప్త నామమే ఇండోర్ ఎయిర్‌సాఫ్ట్‌కు మారుపేరుగా నిలిచింది.

పెయింట్‌బాల్‌తో పోల్చినప్పుడు భవనంలో ఎయిర్‌సాఫ్ట్‌కు ఒక సౌలభ్యం ఉంది: పగిలి చిందే రంగు లేకపోవడంతో గోడలను కడగనక్కరలేదు, ఆట ముగిశాక నేలను ఊడిస్తే చాలు. ఆరుబయట నేలలో కలిసిపోయే గుళికలనే వాడాలని అనేక మైదానాలు పట్టుబడతాయి. లోపల ఆ సమస్య లేదు గానీ, నున్నటి గచ్చుపై చెల్లాచెదరైన గుళికలపై కాలు జారి పడడం మాత్రం అరీనాల్లో తరచుగా కనిపించే ప్రమాదమే.

జపాన్‌లో ఈ ఆటను సర్వైవల్ గేమ్ అనే మాటను కుదించి సబగే అని పిలుస్తారు. 2005లో కన్సాయి ప్రాంతపు రహదారులపై కొందరు శక్తి పెంచిన తుపాకులతో కార్లపై కాల్పులు జరిపిన సంఘటనలు కలకలం రేపడంతో, 2006లో చట్టాన్ని సవరించి, గుళిక అడ్డుకోత వైశాల్యంలో చదరపు సెంటీమీటరుకు 3.5 జౌల్ శక్తిని హద్దుగా పెట్టారు. 6 మిల్లీమీటర్ల గుళిక విషయంలో ఇది 0.989 జౌల్ అవుతుంది, అంటే 0.2 గ్రాముల గుళిక వేగం సెకనుకు ఇంచుమించు 99 మీటర్లు మించరాదు. హద్దు దాటిన తుపాకి చట్టం దృష్టిలో ఆట వస్తువు కాదు, స్వాధీనంలో ఉంచుకోవడమే నేరం. ఆరుబయటి ఆటగాళ్లకు ఇది కట్టడి అయినా, పది మీటర్ల దూరంలో ఎదురుపడే ఇండోర్ ఆటకు అదివరకే సరిపోయిన శక్తి కాబట్టి అరీనాలకు దానివల్ల నష్టం కలగలేదు.

2010 దశకంలో అసోబిబా అనే సంస్థ టోక్యోలోని ఇకెబుకురో, అకిహబారా వంటి రద్దీ ప్రాంతాల భవనాలలో అరీనాలు తెరిచి, తుపాకి, ముసుగు, దుస్తులు అన్నీ అద్దెకిస్తూ ఖాళీ చేతులతో వచ్చినవారు కూడా ఆడే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అంతవరకూ సొంత సరంజామా మోసుకొని శివారు మైదానాలకు వెళ్లవలసిన ఆట, రైలుస్టేషన్ పక్కన, ఆఫీసు ముగిశాక కొన్ని గంటలపాటు ఆడదగినదిగా మారింది. 2014లో ప్రసారమైన సబగేబు వంటి యానిమేషన్ ధారావాహికలు పాఠశాల విద్యార్థినులను ఆటగాళ్లుగా చూపించాయి.

హాంకాంగ్‌లో స్థలం ఇంకా కరువు. కర్మాగారాలు చైనా ప్రధానభూమికి తరలిపోయాక ఖాళీ అయిన బహుళ అంతస్తుల పారిశ్రామిక భవనాలలోని అంతస్తులను అద్దెకు తీసుకొని అక్కడి నిర్వాహకులు అరీనాలుగా మార్చారు. అక్కడి చట్టం 2 జౌల్ మించిన దానిని ఆయుధంగా పరిగణిస్తుంది. ఇదే నగరం ఎయిర్‌సాఫ్ట్ మరో ఇండోర్ రూపంతోనూ ముడిపడింది: అసలు పిస్తోళ్లతో పోటీలు జరిపే ఐపీఎస్‌సీ సంస్థ నియమాలను ఎయిర్‌సాఫ్ట్ పిస్తోళ్లకు అన్వయించి, గదిలోనే అట్ట, లోహపు లక్ష్యాలను కాల్చే యాక్షన్ ఎయిర్ విభాగం ఆసియాలో పెంపొందగా, దాని తొలి ప్రపంచ పోటీ 2018లో హాంకాంగ్‌లోనే జరిగింది. మనుషులు ఒకరినొకరు కాల్చుకోని ఈ పోటీని ఎయిర్‌సాఫ్ట్ నుంచి వేరుచేసి చూసేవారూ ఉన్నారు. పరికరాలూ చాలావరకు ఆటగాళ్లూ ఉమ్మడే కనుక ఆ విభజన అంత బలమైనది కాదు.

బ్రిటన్, అమెరికా

బ్రిటన్‌లో 2006 నాటి హింసాత్మక నేరాల తగ్గింపు చట్టం, అసలువాటిని పోలిన నకలు తుపాకుల అమ్మకాన్ని 2007 అక్టోబరు 1 నుంచి నిషేధించినా, ప్రజాబాధ్యత బీమా ఉన్న చోట ఎయిర్‌సాఫ్ట్ ఆడేవారికి మినహాయింపు ఇచ్చింది. ఆటగాడని రుజువు చేసుకోవడానికి వర్తకుల సంఘం యూకేఏఆర్ఏ ఒక జాబితా ఏర్పాటు చేసింది. అందులో చేరడానికి 56 రోజులకు తగ్గని వ్యవధిలో కనీసం 3 ఆటలు ఆడి ఉండాలి. పర్యవసానంగా ఏదో ఒక మైదానానికి క్రమం తప్పకుండా వెళ్లడం కొనుగోలుకు షరతుగా మారి, స్థానిక ఆటస్థలాలకు పరోక్షంగా ఊతమిచ్చింది. 2017 నాటి మరో చట్టం ఆటోమేటిక్ తుపాకులకు 1.3 జౌల్, ఒక్కో గుళిక వదిలేవాటికి 2.5 జౌల్ హద్దులుగా నిర్ణయించింది. రీడింగ్ పట్టణంలో దుకాణాలు ఎత్తివేసిన ఫ్రయర్స్ వాక్ అంగళ్ల సముదాయం కొంతకాలం అరీనాగా పనిచేసింది. కదలని ఎస్కలేటర్లు, ఖాళీ దుకాణాల అద్దాల మధ్య ఆడిన ఆ ఆటకు కొత్తగా కట్టిన ఏ అరీనా సాటిరాదన్న అభిప్రాయం అక్కడి ఆటగాళ్లలో ఉంది.

అమెరికాలో 1988 నాటి సమాఖ్య చట్టం నకలు తుపాకి గొట్టం కొసకు నారింజరంగు గుర్తును తప్పనిసరి చేసింది గానీ, శక్తికి దేశమంతటికీ వర్తించే హద్దు లేదు. ఆ హద్దును అరీనాలే పెట్టుకుంటాయి: 0.2 గ్రాముల గుళికకు సెకనుకు 350 అడుగుల వేగం, అంటే దాదాపు 1.14 జౌల్, లోపలి ఆటకు విరివిగా వాడుకలో ఉన్న కొలత. ప్రతి తుపాకినీ క్రోనోగ్రాఫ్ అనే వేగమాపకంతో పరీక్షించాకే లోపలికి అనుమతిస్తారు. కాలిఫోర్నియా కేంద్రంగా ఎదిగిన స్పీడ్‌క్యూబీ పోటీలు సైనిక వేషధారణను పక్కనపెట్టి, క్రీడాదుస్తులతో, తేలికపాటి తుపాకులతో, కొద్దిమంది ఆటగాళ్ల జట్లతో చిన్న అరీనాలో నిమిషాల వ్యవధిలో ముగిసే ఆటను రూపొందించాయి. యుద్ధాన్ని అనుకరించడమే ఎయిర్‌సాఫ్ట్ ప్రాణమని భావించే పాతకాపులకు ఇది రుచించలేదు. అయినా ఇండోర్ శాఖను ప్రేక్షకులు చూడదగిన పోటీగా మలచిన ప్రయత్నాలలో ఇదే స్పష్టమైనది.

నియమాలు, నిజాయితీ

ఎయిర్‌సాఫ్ట్ గుళిక పెయింట్‌బాల్‌లా రంగు మచ్చ వేయదు, లేజర్ ట్యాగ్‌లో లాగా చొక్కా మోగదు. గుళిక తగిలిందో లేదో తగిలినవారే ఒప్పుకోవాలి. ఒప్పుకొని, "హిట్" అని అరచి, చెయ్యెత్తి బయటకు నడవాలి. ఆరుబయట యాభై మీటర్ల నుంచి తగిలిన గుళికను గుర్తించకపోవడం సహజమే గానీ, గదిలో అయిదడుగుల దూరం నుంచి తగిలినదాన్ని దాచడం నేరుగా మోసమే అవుతుంది. తగిలినా ఆట కొనసాగించేవారిని జపాన్‌లో జాంబీలంటారు. ఈ క్రీడలో చాలా తగాదాలకు మూలం ఇదే.

లోపలి ఆటకు ప్రత్యేకమైన తక్కిన నియమాలన్నీ దగ్గరితనం నుంచే పుట్టాయి. చాలా అరీనాలు ఒక్కో నొక్కుకు ఒక్కో గుళికనే అనుమతిస్తాయి. మరీ దగ్గరగా ఎదురుపడినప్పుడు కాల్చకుండా "బ్యాంగ్" అని పలికి ఎదుటివారిని లొంగదీసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, జపాన్‌లో పలుచోట్ల దాన్ని వాదనలకు తావిస్తుందని నిషేధించారు. మూల చాటు నుంచి తుపాకిని మాత్రమే చాచి చూడకుండా కాల్చడం దాదాపు అంతటా నిషిద్ధం. గుళిక గోడకు తగిలి తిరిగి రావడం వల్ల కళ్లద్దాలు మాత్రమే చాలవు. పళ్లు విరగకుండా ముఖమంతా కప్పే ముసుగు ధరించాలి. ఆడనివారు కూడా అరీనా గుమ్మం దాటాక ముసుగు తీయకూడదు, విశ్రాంతి గదిలోకి వచ్చిన తుపాకి గొట్టానికి సంచి తొడిగి ఉంచాలి.

భారతదేశంలో 2016 ఆయుధ నియమావళి 20 జౌల్ శక్తిని లేదా 0.177 అంగుళాల గొట్టాన్ని మించిన గాలితుపాకులకు లైసెన్సు కోరుతుంది. ఎయిర్‌సాఫ్ట్ శక్తి అందులో ఇరవయ్యో వంతుకు అటూఇటూగా ఉంటుంది గానీ, 6 మిల్లీమీటర్ల గుళిక 0.177 అంగుళాలకు, అంటే దాదాపు 4.5 మిల్లీమీటర్లకు, మించినది. శక్తిని బట్టి ఆటవస్తువుగా కనిపించేది గొట్టం కొలతను బట్టి వేరే వరుసలోకి చేరే అవకాశం ఇక్కడ ఉంది. హైదరాబాద్‌లోని క్రీడా వినోద కేంద్రాలలో ఇలాంటి ఆటగా పరిచయమైనవి ప్రధానంగా పెయింట్‌బాల్, లేజర్ ట్యాగ్‌లే.