వివాహగణితము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో సంబంధము మాట వచ్చినప్పుడు పలువురు వధూవరులను చూచుటకు ముందే పంచాంగమును చూతురు. గుణములెన్ని కలిసినవనునదియే మొదటి ప్రశ్న. వర్ణమునకు 1, వశ్యమునకు 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణమునకు 6, రాశికూటమునకు 7, నాడికి 8, వెరసి 36. అందు 18 వచ్చిన చాలునందురు. కూడికలో తప్పు లేదు, బడిపిల్లలును చేయగలరు. కాని యీ యెనిమిదియు జన్మకాలమున చంద్రుడున్న తావును బట్టియే యేర్పడును. ఒకే నక్షత్రపాదమున బుట్టిన శాంతమూర్తికిని జూదరికిని గుణములు సమానమే గదా! మనసునకు ఇందు ఒక్క గుణమైనను కేటాయింపబడలేదు.

పెండ్లిని మఱియొక తీరున లెక్కించిన వృత్తాంతము 1897లో అచ్చయిన కన్యాశుల్కపు ఆంగ్ల పీఠికలో గలదు. విజయనగర మహారాజు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహముల పట్టిక వ్రాయించిరి. మొత్తము 1034. వధువులలో అయిదేండ్లవారు 99 మంది. ఏడాది శిశువులు ముగ్గురు, వారి వెల 350 మొదలు 400 రూపాయలు! ఇచ్చట అంకెలు మొగమోటము లేక నిజము పలికినవి.

వధూవరుల ఇష్టమునే లెక్కకు మూలముగా గైకొన్నవారు డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను అమెరికా గణితజ్ఞులు. 1962లో వారు ప్రకటించిన పద్ధతిలో ప్రతి పురుషుడును, ప్రతి స్త్రీయు తమకు నచ్చినవారి పేర్లను వరుసగా వ్రాసికొందురు. ఒక పక్షమువారు ఆ వరుసను అడుగుచుందురు; రెండవ పక్షమువారు అడిగినవారిలో మేలైనవానిని నిలిపి, తక్కినవారిని త్రోసివేయుదురు. త్రోయబడినవాడు తరువాతి పేరునకు పోవును. తుదకు తమ జోడును వదలి ఒండొరులను కోరు జంట యొక్కటియు మిగులదని వారు నిరూపించిరి. ఇట్టి స్థిరమైన కూర్పులన్నింటిలో అడుగు పక్షమునకు మిక్కిలి మేలైన జోడును, ఎదురుచూచు పక్షమునకు మిక్కిలి తక్కువ జోడును లభించును. ఆడుపిల్ల తానై అడుగరాదనెడు యిండ్లలో ఈ ఫలితమును చదివి వినిపింపవలసినదే.

అయితే ఆ సిద్ధాంతమున వధూవరుల పట్టికలే గాని కులముయొక్క పట్టిక లేదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులాంతరవివాహము చేసికొన్న యువకుని, గర్భవతియగు భార్య కన్నులయెదుటనే నఱికి చంపిరి. ఆ యిరువురును ఒకరినొకరు కోరుకొన్నవారే; గణితము చెప్పు స్థిరత్వమునకు వారిలో ఏ లోపమును లేదు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవ కారాగారవాసమును విధించినది.