మెలిక పడితేనే నిలిచే నిప్పు



తిరుమణి దారిలో పోయేటప్పుడు మనమందరం చూస్తూనే ఉంటాం, సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పలకలు. ఐదు ఊళ్ల రైతులు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల బాడుగతో మొదలుపెట్టి భూములిచ్చారు. 2018 మార్చి 1న పార్కు ప్రారంభమైంది. వానను నమ్ముకుని చెనక్కాయ వేసిన నేలలో ఇప్పుడు ఎండే పంట. ఈమధ్య మన పిల్లలు ఒక మాట అడుగుతున్నారు: "సూర్యుణ్ణే భూమ్మీద తయారు చేస్తారంట కదా, అప్పుడు మన పలకల గతేంటి?" అడగాల్సిన మాటే. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం.

సూర్యుడిలో హైడ్రోజన్ కలిసి హీలియం అవుతుంది, ఆ కలయికలోనే వేడి పుడుతుంది. అక్కడ సూర్యుడి బరువే దాన్ని అదిమి పడుతుంది. ఇక్కడ అదే పని చేయాలంటే 10 కోట్ల డిగ్రీల వేడి కావాలి. ఏ పాత్రా తట్టుకోదు. అంత వేడికి వాయువు విద్యుత్ కణాలుగా విడిపోయి ప్లాస్మా అవుతుంది కాబట్టి, దాన్ని అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచాలని చూశారు.

1951లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో లైమన్ స్పిట్జర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ పనికి దిగాడు. గొట్టాన్ని ఉంగరంలా వంచితే లోపలి వైపు క్షేత్రం బలంగా, బయటి వైపు బలహీనంగా ఉంటుంది. దాంతో ధన, రుణ కణాలు పైకీ కిందికీ విడిపోయి, ప్లాస్మా మొత్తం గోడకు కొట్టుకుంటుంది. మోకు పేనినట్టు క్షేత్రాన్ని మెలిపెడితే ఆ తేడా సర్దుకుంటుంది. అందుకని ఆయన గొట్టాన్నే ఎనిమిది అంకెలా తిప్పాడు. దానికి స్టెల్లరేటర్ అని పేరు పెట్టాడు. 1955లో జెనీవాలో మన హోమీ భాభా, 20 ఏళ్లలో ఈ శక్తి చేతికొస్తుందన్నాడు.

రాలేదు. ప్లాస్మా కారిపోతూనే ఉంది. 1968లో సోవియట్ వాళ్లు తమ టోకమాక్‌లో కోటి డిగ్రీల వేడి సాధించామని చెప్పారు. అందులో మెలికలో ఒక భాగాన్ని ప్లాస్మాలో పారే కరెంటే ఇస్తుంది. 1970లో ప్రిన్స్‌టన్ కూడా తన స్టెల్లరేటర్‌ను టోకమాక్‌గా మార్చేసింది. 1989లో గాంధీనగర్‌లో పని మొదలుపెట్టిన మన 'ఆదిత్య' కూడా టోకమాకే. కానీ దాంట్లో ఒక చిక్కుంది. ఆ కరెంటు అదుపు తప్పితే క్షణంలో అంతా కూలిపోతుంది.

స్టెల్లరేటర్‌లో మెలికంతా బయటి తీగచుట్టలదే, ఆ భయం లేదు. దాని కష్టం ఆకారంలో ఉంది. చెరువు కట్టను గుర్తు చేసుకోండి. నీళ్ల వైపు వంగిన కట్ట ఒత్తిడికి నిలుస్తుంది, బయటికి ఉబ్బిన చోట గండి పడుతుంది. క్షేత్రరేఖలూ అంతే. ప్లాస్మాకు ఎదురుగా ఉబ్బిన చోట అది కుదురుగా ఉంటుంది, బయటికి ఉబ్బిన చోట అలజడి పుడుతుంది. క్షేత్రం బలహీనమైన చోట్ల కణాలు చిక్కుకుని ఊగుతుంటాయి. ఆ చోటూ, గండిపడే చోటూ ఒకటైతే నష్టం ఎక్కువ. రెంటినీ దూరం చేసే ఆకారం చేత్తో గీసేది కాదు. 1980లలో జర్మనీలో యుర్గెన్ న్యూరెన్‌బర్గ్ వంటివారు కంప్యూటర్లతో మంచి ఆకారాలు వెతికారు.

అలా పుట్టిందే గ్రైఫ్స్‌వాల్డ్‌లోని వెండెల్‌స్టైన్ 7-ఎక్స్. అందులో వంకర టింకర తీగచుట్టలు 50. 2015 డిసెంబర్ 10న మొదటి ప్లాస్మా వెలిగింది. 2023 ఫిబ్రవరిలో 8 నిమిషాలు నిలిచింది. సూర్యుడి వెలుగు మన పలకల మీదికి చేరడానికి పట్టేదీ ఇంచుమించు అంతే సేపు. అయినా చిన్న చిన్న సుడులు ఇంకా వేడిని ఎత్తుకుపోతున్నాయి. ఆ యంత్రం కరెంటు తీసేది కాదు, దారి చూపేది.

పిల్లలకు మనం చెప్పేది ఇదే. పలకల బాడుగ రేపే ఆగిపోదు. అలాగని ఎవరు "ఇంకో 20 ఏళ్లు" అన్నా గుడ్డిగా నమ్మొద్దు. ఓడిన ఆకారాన్ని పారేయకుండా, లెక్క వేసి మళ్లీ వంచినవాళ్ల వల్లే పని ఇంతదాకా వచ్చింది. ఆ లెక్క నేర్చుకునేవాళ్లు మన తాలూకాలోనూ తయారు కావాలి. బాడుగ డబ్బులో కొంత వాళ్ల చదువుకు పెడదాం.