వృద్ధుల వైద్యం: పడక నుంచి నడక దాకా

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇంగ్లండులో మంచాన పడి, చూసే దిక్కులేని పేద ముసలివాళ్లకు చివరి ఆశ్రయం వర్క్‌హౌస్. పేదల చట్టం కింద నడిచే ఈ ఆశ్రయాల వైద్యశాలల్లో పక్షవాతం వచ్చినవాళ్లనూ, తుంటి విరిగినవాళ్లనూ, మతి తప్పినవాళ్లనూ 'దీర్ఘరోగులు' అని ఒకే గాటన కట్టేవారు. ముసలితనానికి మందు లేదన్న నమ్మకంతో అసలు జబ్బేమిటో కూడా సరిగా చూసేవారు కాదు. పిల్లలకు ఉన్నట్టే వృద్ధులకూ విడిగా ఒక వైద్యశాఖ ఉండాలని న్యూయార్క్ వైద్యుడు ఇగ్నాజ్ నాషర్ 1909లోనే వాదించి, దానికి జెరియాట్రిక్స్ అని పేరు పెట్టాడు. ఆచరణలో ఆ పని లండన్ పడమటి శివారులో మొదలైంది.

1935లో అక్కడి ఐల్‌వర్త్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పక్కనున్న వర్క్‌హౌస్ వైద్యశాలను కలుపుకుంది. అందులోని 714 మంది రోగుల బాధ్యత డాక్టర్ మార్జరీ వారెన్‌కు వచ్చింది. ఆమె ప్రతి ఒక్కరినీ పరీక్షించి, జబ్బును బట్టి వేరుచేసింది. చాలామందిని కుంగదీసింది జబ్బు ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి కదలకుండా పడుకోవడం కూడా. దానివల్ల కండ కరిగిపోతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి, ఒంటిమీద పుండ్లు పడతాయి. వారెన్ వార్డుల్లో వెలుతురు పెంచింది, పట్టుకుని నడవడానికి కమ్మీలు పెట్టించింది, వ్యాయామ చికిత్స ఇప్పించింది. కోలుకున్నవాళ్లు ఇళ్లకో ఆశ్రమాలకో వెళ్లడంతో పడకల అవసరం 240కి తగ్గింది. తన అనుభవాన్ని ఆమె 1943, 1946 సంవత్సరాల్లో వైద్య పత్రికల్లో ప్రచురించింది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడ్డాక బ్రిటన్‌లో వృద్ధుల వైద్యం ప్రత్యేక శాఖగా స్థిరపడింది.

రోగి ఎంత కోలుకున్నాడో చెప్పడానికి జబ్బు పేరు చాలదు. అతను తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా అన్నది చూడాలి. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో సిడ్నీ కట్జ్ బృందం 1963లో ఇందుకు ఒక కొలమానం ప్రకటించింది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం అనే ఆరు పనులే దానికి ఆధారం. కోలుకునేటప్పుడు తినడం ముందు, స్నానం చివర తిరిగొస్తాయనీ, శక్తి సన్నగిల్లేటప్పుడు ఈ వరస తిరగబడుతుందనీ వాళ్లు గమనించారు. 1969లో లాటన్, బ్రోడీ వంట, బజారు పని, డబ్బు లెక్కలు, వేళకు మందులు వేసుకోవడం లాంటి ఎనిమిది పనులతో మరో పట్టిక చేర్చారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష 1991లో వచ్చింది.

జబ్బుతో పాటు ఇలాంటి సామర్థ్యాలన్నిటినీ కలిపి చూసే సమగ్ర పరీక్షకు ప్రాణాలు నిలిపే శక్తి కూడా ఉందని 1984లో లారెన్స్ రూబెన్‌స్టైన్ బృందం అమెరికాలో చూపింది. ఆ పరీక్ష చేసే ప్రత్యేక వార్డులో చేరిన వృద్ధుల్లో ఏడాదిలోపు చనిపోయినవారు 23.8 శాతం కాగా, మామూలు చికిత్స పొందినవారిలో 48.3 శాతం.

భారతదేశంలో వృద్ధుల వైద్య శాఖకు మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1978లో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ పునాది వేశారు. మద్రాసు మెడికల్ కాలేజీలో 1996లో ఈ శాఖలో ఎం.డి. కోర్సు మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా దేశమంతటా 45 ఏళ్లు, ఆపైబడిన సుమారు 72,000 మందితో 2017లో మొదలైన, వృద్ధాప్యాన్ని అధ్యయనం చేసే 'లాసీ' సర్వే జబ్బుల వివరాలతో పాటు రోజువారీ పనుల్లో ఇబ్బందులనూ అడిగింది. నడక వేగాన్నీ చేతి పట్టునూ కొలిచింది.