"మా టామీ ఏమీ చేయదండీ!"



ఈనాడు మనం చెప్పుకోబోయే కథ ఒక మాటతో మొదలవుతుంది. ఆ మాట మీరందరూ విన్నదే. పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం గేటు తీస్తారు. ఎదురింటి వారి కుక్క మెడకు గొలుసూ, పక్కన మనిషీ లేకుండా రోడ్డంతా తనదే అన్నట్టు మీ మీదికి వస్తుంది. మీరు గుండె చిక్కబట్టుకుని గేటు వెనక్కి తగ్గుతారు. అంతలో దాని యజమానిగారు నింపాదిగా వచ్చి, "భయపడకండి, మా టామీ ఏమీ చేయదండీ!" అంటారు. భయపడినందుకు తప్పు మనదే అన్నట్టుంటుంది ఆ ధోరణి.

ఈ మాట ఈనాటిది కాదు. ఒకప్పుడు ఇంగ్లండులో కోర్టులు కూడా దీనికి విలువ ఇచ్చాయంటే నమ్ముతారా? మన శిక్షాస్మృతీ, మన మున్సిపాలిటీల నియమాలూ చాలావరకు ఇంగ్లీషువారి నుంచి వచ్చినవే గనుక, ముందు అక్కడి సంగతే చూద్దాం.

పాత ఇంగ్లీషు న్యాయం ప్రకారం కుక్క ఎవరినైనా కరిస్తే, కరిపించుకున్నవాళ్ళే ఒక సంగతి రుజువు చేయాల్సి వచ్చేది. ఆ కుక్కకు కరిచే గుణం ఉన్నదని దాని యజమానికి ముందే తెలుసు అని! తెలియదని యజమాని అంటే, కాదని చూపించడం ఎంత కష్టమో మీరే ఊహించండి. అందుకే "ప్రతి కుక్కకూ మొదటి కాటు మాఫీ" అని జనం ఎగతాళిగా చెప్పుకునేవారు. అంటే "మా టామీ ఏమీ చేయదనుకున్నానండీ" అంటే సరిపోయేదన్నమాట. 1865లో ఒక చట్టం తెచ్చి ఈ రుజువు అవసరం లేదన్నారు. ఎవరి విషయంలో అనుకున్నారు? గొర్రెలూ పశువుల విషయంలో! గొర్రెను కుక్క కొరికితే యజమాని మారుమాట్లాడకుండా నష్టపరిహారం కట్టాలి. గొర్రెలు కాసే పిల్లవాణ్ణి కొరికితే మాత్రం పాత పద్ధతే. గొర్రెకు దొరికినపాటి రక్షణ మనిషి బిడ్డకు దొరకలేదు.

అదే ఇంగ్లీషువారు మన బొంబాయిలో ఇంకో దారి పట్టారు. వీధికుక్కల బెడద ఎక్కువైందని 1813లోనే, ఎండాకాలంలో కొన్ని రోజులపాటు వాటిని చంపించే నియమం పెట్టారు. 1832లో ఆ గడువును మరికొన్నాళ్ళు పొడిగించారు. కుక్కకు ఎనిమిది అణాల చొప్పున ఇచ్చారు. తలకింత అని డబ్బు పెట్టాక, పట్టేవాడికి వీధికుక్క ఏది, పెంపుడుకుక్క ఏది అన్న విచక్షణ ఉంటుందా? ఇళ్ళలోకి చొరబడి మరీ పట్టుకుపోతున్నారని గగ్గోలు పుట్టింది. పారశీకులకు కుక్క పవిత్రమైనది. మనిషి చనిపోతే శవాన్ని కుక్కకు చూపించడం వారి అంత్యక్రియలలో ఒక భాగం. ఆ ఏడు జూన్ 6వ తేదీన వారు తిరగబడ్డారు. మరునాడు అంగళ్ళు మూతపడ్డాయి. కొలాబాలోని సైనికులకు తిండికీ నీళ్ళకూ ఇబ్బంది అయింది. చివరికి సైన్యాన్ని దింపి, అల్లరిని అణచి, కొందరిని ఖైదు చేశారు.

ఇంత రభస జరిగినా అసలు ప్రశ్నను ఎవరూ అడగలేదు చూడండి. ఏ కుక్క ఎవరిది? పెంచుకునేవాడు దాన్ని వీధిలోకి వదలవచ్చునా? ఆ నియమంలో చావవలసింది కుక్క, డబ్బు తీసుకునేది పట్టేవాడు. యజమాని అనేవాడికి చేయవలసిన పని అంటూ ఏమీ లేదు.

ఆ రోజులలో పిచ్చికుక్క కాటంటే చావు రాసిపెట్టి ఉన్నట్టే. 1885 జులై 6వ తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి తన టీకా వేసి బతికించాడు. లోకమంతా సంతోషించింది. అయితే టీకా కరిచిన తరువాతి మాట. అసలు కరవకుండా చూడవలసిన బాధ్యత ఎవరిది?

ఆ బాధ్యతను సూటిగా యజమాని చేతిలో పెట్టినవాడు ఇంగ్లండు వ్యవసాయ శాఖ అధిపతి వాల్టర్ లాంగ్. మన పల్లెల్లో నూర్పిడి చేసే ఎద్దు మూతికి చిక్కం కడతారు చూశారా, అలాంటిదే ఇనపతీగెతో అల్లి కుక్క మూతికి తగిలిస్తేగాని వీధిలోకి తేకూడదని 1897లో ఆజ్ఞలు జారీచేశాడు. చిక్కం లేని కుక్కను పోలీసులు పట్టుకుపోవచ్చు. యజమాని జరిమానా కట్టాలి. పైదేశాల నుంచి కుక్కను తెచ్చేవారు దాన్ని కొన్ని నెలలు విడిగా ఉంచి పరీక్ష చేయించాలి.

ఎంత గొడవ జరిగిందనుకున్నారు! మూతి కట్టడం క్రూరత్వమని కుక్కల పక్షాన 1891లోనే ఏర్పడిన సంఘం వాదించింది. ధనవంతుల వేటకుక్కలకు మాత్రం మినహాయింపు ఎందుకని సామాన్యులు నిలదీశారు. అడగవలసిన మాటే మరి! లాంగ్‌ను తిట్టనివారు లేరు. అయినా ఆయన పట్టు వదల్లేదు. 1902 నాటికి ఆ దేశంలో పిచ్చికుక్క వ్యాధి అన్నది లేకుండా పోయింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో, 1918లో అది మళ్ళీ తల ఎత్తింది. పరీక్ష తప్పించుకుని రహస్యంగా దేశంలోకి తెచ్చిన కుక్కే అందుకు కారణమన్నారు. అంటే ఒక మనిషి తన ముద్దుకోసం నియమం దాటితే ఎన్నో ఊళ్ళు మళ్ళీ భయంతో బతకాల్సి వచ్చింది. మళ్ళీ చిక్కాలు కట్టించి, 1922 నాటికి వ్యాధిని తుడిచిపెట్టారు.

ఈ మధ్యలో 1906లో ఇంకో చట్టం వచ్చింది. వీధిలో తిరిగే కుక్క మెడపట్టీ మీద యజమాని పేరూ, చిరునామా ఉండాలని నియమం పెట్టేందుకు అది దారి చూపింది. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, బొంబాయిలో లోపించినది సరిగ్గా ఇదే. మెడలో పేరుంటే "ఆ కుక్క మాది కాదండీ" అని తప్పించుకోవడానికి వీలుండదు.

ఇక లైసెన్సు సంగతి. కుక్కల మీద పన్ను అక్కడ 1796 నుంచే ఉన్నది. 1867లో అది అయిదు షిల్లింగుల లైసెన్సుగా మారింది. 1878లో ఏడున్నర షిల్లింగులు చేశారు. తరువాత ఎన్ని ధరలు పెరిగినా దాన్ని పెంచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వసూలుకయ్యే ఖర్చు రాబడిని మించిపోయి, 1987లో ఎత్తేశారు. కాగితం మీది నియమానికి విలువ ఇవ్వడం మానేస్తే అది ఎలా ఎండిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఆ కాలంలో మన దేశంలో కుక్క కరిచినవారి గతేమిటి? 1900లో సిమ్లా దగ్గర కసౌలీలో పాశ్చర్ సంస్థ పెట్టారు. దక్షిణాదివారు కూడా పిల్లలను తీసుకుని అంత దూరం రైలెక్కవలసి వచ్చేది. 1907లో నీలగిరుల్లో కూనూరు సంస్థ వచ్చాక ఆ ప్రయాణం తగ్గింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకా మన ఊళ్ళదాకా వచ్చింది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు" అని మన అమ్మలూ అమ్మమ్మలూ చెప్పుకున్నది ఆ టీకా గురించే. గొర్రె మెదడు నుంచి తీసిన మందు అది. కొందరికి దానివల్లే కాళ్ళూ చేతులూ పడిపోయేవి కూడా. మన దేశంలో దాని వాడకం 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తున్నారు, నాలుగైదు సూదులతో సరిపోతుంది. కాని ఆ పద్నాలుగు రోజులూ పిల్లవాణ్ణి చంకనెత్తుకుని ఆస్పత్రి వరసలో నిలబడినది ఎవరు? కుక్క యజమాని మాత్రం కాదు, తల్లే.

చంపడం ఒక దారి, కట్టడం ఒక దారి అని చూశాం గదా. అసలు కుక్కే వద్దన్న ఊరు కూడా ఒకటున్నది. ఐస్‌లాండు రాజధాని రేక్యావిక్‌లో 1924లో కుక్కల పెంపకాన్నే నిషేధించారు. గొర్రెల నుంచి కుక్కలకూ, కుక్కల నుంచి మనుషులకూ సోకే ఒక పురుగు కడుపులో తిత్తులు కట్టించి ప్రాణాలు తీసేది. అందుకని ఆ కట్టుబాటు. అది నిలిచిందా అంటే, చాటుమాటుగా పెంచేవారు పెంచుతూనే ఉన్నారు. చివరికి ఆ దేశపు ఆర్థిక మంత్రి తానే కుక్కను పెంచుతూ పట్టుబడి జరిమానాకు గురయ్యాడు! 1984లో నిషేధం సడలించి, అనుమతి తీసుకుని రుసుము కట్టి పెంచుకోవచ్చునన్నారు. మొత్తంగా కాదనడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. పెంచుకునేవాడు పద్ధతిగా పెంచుకోవడమే కావలసినది.

అది కుదిరే పనేనా అనే వారికి న్యూయార్కు నగరం సమాధానం చెబుతుంది. 1970లలో అక్కడ కాలిబాట మీద కాలు పెట్టాలంటే కిందికి చూసుకుంటూ నడవవలసిందే. ఫ్రాన్ లీ అనే మహిళ "కుక్కల కన్నా పిల్లలు ముందు" అనే పేరుతో ఉద్యమం నడిపింది. కుక్క మలంలోని పురుగుల గుడ్లు మట్టిలో ఆడుకునే పిల్లల కళ్ళకు చేటు చేస్తాయని ఊరంతా చాటింది. 1978 ఆగస్టు 1 నుంచి, తన కుక్క చేసిన మురికిని యజమానే ఎత్తాలన్న చట్టం అమలయింది. మేయరు ఎడ్ కాచ్ దాని వెనుక గట్టిగా నిలిచాడు. ఫ్రాన్ లీకి అది కూడా చాల్లేదనుకోండి! కుక్కలకు ఇంట్లోనే ఆ అలవాటు నేర్పాలన్నది ఆమె వాదం. "ప్రతి కుక్క వెనకా పోలీసును పెడతారా?" అని చాలామంది నవ్వారు. పోలీసులు అవసరం లేకపోయింది. ఎత్తకుండా పోతున్నవారిని దారినపోయేవారే ఆపి అడగడం మొదలుపెట్టారు. నలుగురిలో తలవంపులన్న భయం జరిమానా కన్నా బాగా పనిచేసింది.

ఇప్పుడు మన ఇంటి ముందుకు వద్దాం. 1860 నాటి శిక్షాస్మృతిలోని 289వ సెక్షను, తన దగ్గరున్న జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్తపడని యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నియమం 291వ సెక్షనుగా ఉన్నది. జరిమానా అయిదు వేలకు పెరిగింది. 2023 నాటి కేంద్ర నియమాలు పెంపుడు జంతువుకు టీకాలు వేయించడం, సంతాన నిరోధక ఆపరేషను చేయించడం యజమాని బాధ్యతే అని చెబుతున్నాయి. చట్టం లేక కాదమ్మా, అడిగేవారు లేక!

అడగకపోతే ఏమవుతుందో చూడండి. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఒక యువకుడు భోజనం పొట్లం ఇవ్వడానికి ఒక అపార్టుమెంటు మూడో అంతస్తుకు వెళ్ళాడు. తలుపు తీయగానే ఆ ఇంటి కుక్క మీదికి వచ్చింది. తప్పించుకోబోయి పైనుంచి కిందపడి, ఆస్పత్రిలో ప్రాణం వదిలాడు. పోలీసులు యజమానిపై కేసు పెట్టారు. కేసు పెడితే ఆ తల్లికి కొడుకు తిరిగొస్తాడా? మన గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు ఎవరో ఒక్కసారి తలచుకోండి. పాలబ్బాయి, పనిమనిషి, పోస్టుమాన్, గ్యాసుబండ తెచ్చే మనిషి, ట్యూషనుకు వచ్చే పిల్లలు. "ఏమీ చేయదండీ" అన్న మాటను నమ్మి అడుగు ముందుకు వేయవలసినది వీళ్ళే. పిచ్చికుక్కలని అనుమానమున్న జంతువులు కరిచినవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

మీలో కుక్కను పెంచుకునేవారు ఉంటే నొచ్చుకోకండి. విశ్వాసానికి కుక్కను మించినది లేదని మనవాళ్ళే అన్నారు. దాని విశ్వాసం మీ పట్ల. వీధిలో వాళ్ళు దానికి ఏమవుతారు? కాబట్టి వీధిలోకి తెచ్చేటప్పుడు గొలుసు వేయండి. ఆ గొలుసును పదేళ్ళ పిల్లవాడి చేతికి ఇవ్వకండి. పెద్ద కుక్క ఒక్క గుంజు గుంజితే పిల్లవాడు ఆపలేడు. మెడపట్టీకి మీ పేరూ, ఫోను నంబరూ ఉన్న బిళ్ళ తగిలించండి. మున్సిపాలిటీ లైసెన్సు తీసుకోండి. ఏటా టీకా వేయించండి. వెంట ఒక పాత కాగితమో సంచీయో ఉంచుకోండి, ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ముసలిదయిందనో, బదిలీ అయిందనో వీధిలో వదిలేసి పోకండి. అలా వదిలినదే రేపటి వీధికుక్క, దాని పిల్లలే ఎల్లుండి బెడద.

ఎంత జాగ్రత్తపడినా కుక్క కరిస్తే, పసుపూ కారమూ అద్దకండి. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పెంపుడుకుక్కే గదా అని ఊరుకోకండి. ఆ వ్యాధి లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు.

ఇక ఎదురింటి వారితో ఎలా చెప్పడమన్న మొహమాటం ఒకటుంటుంది. ఒక్కరే వెళితే తగువు అవుతుంది, నలుగురూ కలిసి వెళితే మాట అవుతుంది. నవ్వుతూనే అడగండి: "అన్నయ్యగారూ, మీ టామీ మంచిదే. కాని ఆ సంగతి మా పిల్లలకు తెలియదు, మిమ్మల్ని చూసి తెలుసుకోవాలి. గొలుసు మీ చేతిలో కనిపిస్తే మాకూ ధైర్యం." కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని సామెత. ఆ రెండూ అవసరం లేకుండా ఒక మంచి మాటతో సరిపోయే రోజే మన వీధికి కావాలి. ఆ మాట అనడానికి ఈ వారమే నలుగురినీ కూడగట్టండి.