సుబ్బారావు గారి పరిశోధనకి డబ్బులెవరిచ్చారు?

మా చేవెళ్ల వైపు వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఎక్కువమంది మొయినాబాద్ మండలంలోని చిలుకూరు దగ్గరే ఆగిపోతారు. వీసా కోసం పదకొండు ప్రదక్షిణాలు, వచ్చాక నూట ఎనిమిది. 1923లో భీమవరం కుర్రాడొకడు అమెరికా వెళ్ళాడు. అతనికి హెచ్-1బి లేదు, గ్రీన్ కార్డు అసలే లేదు. సరిగ్గా ఆ ఏడాదే అక్కడి సుప్రీం కోర్టు భారతీయులకి పౌరసత్వం కుదరదని తేల్చేసింది. అతనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు గారి గొప్పతనం గురించి ఈమెయిల్ ఫార్వర్డులు మనందరం చదివాం. నాకు మాత్రం ఎప్పుడూ వేరే సందేహం. ఇంతకీ ఈయన పరిశోధనకి డబ్బులు ఎవరిచ్చారు?

మొదటి విడత ఇంటి నుంచే. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు వేసుకున్నందుకు తెల్ల ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. అలాంటి మనిషిని ఓడ ఎక్కించింది పిల్లనిచ్చిన మామగారు కూడగట్టిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సాయం. ఆ నాయకర్ రంగూన్ వెళ్ళి సంపాదించినాయన. అంటే అప్పటి ఎన్నారై సొమ్మన్నమాట!

రెండో విడత ఆయన ఒంటి కష్టం. బోస్టన్‌లో రాత్రిళ్ళు ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ మీద పని 1929లో. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

మూడో విడత కంపెనీది. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. అక్కడ డబ్బుంది, కెమిస్టులున్నారు, పక్కన పెట్టేవాళ్ళు లేరు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ఫ్యాక్టరీలో తయారు చేయగలిగింది. స్ప్రూకి అదే మందు. తమ్ముడూ అన్నా పోయిన పాతికేళ్ళు దాటాక!

ఇక క్యాన్సర్ కథ. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకి ఫోలిక్ ఆమ్లం రకాలు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది. మరి దానికి విరుగుడు ఇస్తే? కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే కనిపించే డమ్మీ అణువుని పంపితే, కణం మోసపోయి దాన్ని పట్టుకుని ఆగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే హెడర్ సరిగ్గా ఉండి లోపల డేటా చెడిపోయిన ప్యాకెట్. ఆ డమ్మీని, అంటే అమినోప్టెరిన్‌ని, తయారు చేసిచ్చింది సుబ్బారావు బృందం. 1948 జూన్ 3న ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. ఆ పత్రం మీద రచయితగా సుబ్బారావు పేరు లేదు.

దానికి పన్నెండు రోజుల ముందే, మే 22న, ఒక రేడియో కార్యక్రమంలో ఫార్బర్ దగ్గరున్న "జిమ్మీ" అనే పిల్లాడితో మాట్లాడించారు. వాడికి టీవీ కొనాలి, 20,000 డాలర్లు పంపండి అన్నారు. జనం 2 లక్షలకి పైగా పంపారు. జిమ్మీ ఫండ్ అలా మొదలైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ళకి చనిపోయాడు. అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ మాత్రం నేటికీ వాడుకలో ఉంది. మా అత్తమ్మ కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మాత్ర అదే. దాన్ని కనిపెట్టే పనిలో తెలుగాయన చెయ్యి ఉందంటే ఆవిడ నమ్మలేదు :)

ఇప్పుడు మన సంగతి. ఇక్కడ చేవెళ్లలోనూ, మొయినాబాద్ మండలంలోనూ మెడికల్ కాలేజీలున్నాయి. పెద్ద జబ్బయితే జనం 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, నగరానికి పోతారు. రోగులకి కొదవ లేదు. వాళ్ళని చూసే డాక్టరుకి ఒక ప్రశ్న తోస్తే, దాన్ని తేల్చుకోడానికి సమయం, సొమ్ము ఎవరిస్తారు? దారులు లేకపోలేదు. ఐసీఎంఆర్ ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్ వెల్‌కమ్ ట్రస్టు కలిసి నడిపే ఇండియా అలయన్స్ ఉంది, దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే. 2023 చట్టంతో కొత్త జాతీయ పరిశోధన సంస్థ వచ్చింది. ఐదేళ్ళలో 50,000 కోట్లన్నారు, కానీ అందులో అధిక భాగం ప్రభుత్వం బయట నుంచి రావాలి. దేశం మొత్తం పరిశోధన ఖర్చేమో 2020-21లో జీడీపీలో 0.64 శాతం.

"బయట" అంటే ఎవరు? మనమే. ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థల్లో వైద్య పరిశోధనకీ అది ఇవ్వొచ్చు. మన టీముల్లో సాధారణంగా మొక్కలు నాటడం, స్కూలు గోడలకి రంగులేయడం అయ్యాక ఫోటోలు దిగి ఇంటికొస్తాం. తప్పని అనను. కానీ రంగూన్ సొమ్ముతో నడిచిన ధర్మసంస్థ, తిరిగి ఏమొస్తుందో తెలియకుండానే ఒక కుర్రాణ్ణి పంపింది. పరిశోధనకి డబ్బివ్వడమంటే అంతే, ఫలితం పాతికేళ్ళకి రావచ్చు, రాకపోనూవచ్చు. ఈసారి హెచ్చార్ వాళ్ళు సలహాలు అడిగినప్పుడు ఈ మాట ఒక్కసారి ఎత్తి చూడండి. ఏమంటారు?