పాత అలుగు, క్రొత్త పిడి: షెఫీల్డు మంగలికత్తుల పునరుద్ధరణ సమస్య

ప్రాచీన వస్తువు నుద్ధరించుట యనగా దానిని క్రొత్తదానివలె మెఱయించుట కాదు. దాని చరిత్రకు భంగము రాకుండ నిలుపుట. ఈ సూత్రము తాళపత్ర ప్రతులకు వలెనే నిత్యోపయోగ వస్తువులకును వర్తించునని మా యభిప్రాయము. ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున 18, 19 శతాబ్దములలో తయారైన మడచు మంగలికత్తులను ఇందులకు నిదర్శనముగ గైకొనుచున్నాము. వీనిని సేకరించి, త్రుప్పు వదల్చి, క్రొత్త పిడులు తొడుగువారు నేడు పలు దేశములలో నున్నారు.

ఇట్టి కత్తికి రెండు భాగములు గలవు. ఒకటి ఉక్కు అలుగు. రెండవది దానిని మడచి దాచు పిడి. పిడి రెండు పలుచని పలకల జత. ఒక కొన నున్న చీలపై అలుగు తిరుగును. రెండవ కొన సీసముతోనో ఎముకతోనో చేసిన చిన్న తునుక యుండి పలకలను ఎడముగా నిలుపును.

మొదట అలుగును విచారింతము. షెఫీల్డు ప్రాంతపు కత్తుల పనివారి సంఘము 1624లో పార్లమెంటు శాసనముచే నేర్పడి, పనివారి ముద్రలను నమోదు చేయుచు వచ్చినది. 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు మూసలో ఉక్కును కరగించి పోయు పద్ధతిని సాధించెను. ఆ ఉక్కు ఏకరీతిగ నుండుటచే సన్నని వాదర నిలిచినది. లండనులో జేమ్స్ స్టోడార్ట్ అను కత్తుల నిర్మాత భారతదేశమునుండి వచ్చిన 'వూట్జ్' ఉక్కుతో క్షురములు చేసెను. ఈ పేరు మన 'ఉక్కు' శబ్దమునుండియే పుట్టినదని పలువురి మతము. తెలంగాణమునందలి కోనసముద్రము ఆ ఉక్కునకు పేరొందిన గ్రామము. మైకేల్ ఫారడే 1819లో దానిని విశ్లేషించి, పిమ్మట స్టోడార్టుతో గూడి ఉక్కు మిశ్రమములను పరిశోధించెను.

అలుగు మొదట చెక్కిన గుర్తులు కాలనిర్ణయమునకు తోడ్పడును. 'డబ్ల్యు. ఆర్.' అను రాజచిహ్నము 1830-37 నడుమ నేలిన నాలుగవ విలియమును సూచించును. అమెరికా 1890 నాటి సుంకముల చట్టము దిగుమతి వస్తువులపై దేశనామమును కోరుటచే, 'ఇంగ్లండు' అను ముద్ర గల కత్తి సామాన్యముగ అటుతరువాతిది.

పిడి సాక్ష్యము వేఱు. కొమ్ము, దంతము, తాబేటిచిప్ప పూర్వమునుండి వాడుకలో నున్నవి. సెల్యులాయిడ్‌కు జాన్ వెస్లీ హయత్ అమెరికాలో 1870లో పేటెంటు పొందెను. కావున విలియము కాలపు అలుగునకు సెల్యులాయిడ్ పిడి యున్నచో, అది ముప్పది యేండ్లకు పైబడిన పిమ్మట మార్చినదని తేలును. పునరుద్ధారకుడు పొందికలేదని తీసివేయగోరు ఆ పిడియే, ఆ కత్తి రెండు మూడు తరములు విలువ కోల్పోలేదని చెప్పు ఏకైక సాక్షి కావచ్చును.

ఐనను దానిని అలుగుతోనే యుంచుటయు క్షేమము కాదు. సెల్యులాయిడ్ శిథిలమగునపుడు వెడలు ఆమ్లవాయువులు ఉక్కును తినివేయును. రెండింటిని కలిపి యుంచినచో రెండును నశించును. ఇదియే అసలు సమస్య.

పరిష్కారము క్రమమునందున్నది. ముందుగ కత్తి కొలతలను, ముద్రలను, చీలల తీరును ఛాయాచిత్రములతో నమోదు చేయవలెను. పిమ్మట చీల తలను ఆకురాతితో అరగదీసి పలకలను విడదీయవలెను. త్రుప్పును నూనెతోను సన్నని ఉప్పుకాగితముతోను చేతితో వదల్పవలెను. వేగముగ తిరుగు చక్రముపై పట్టినచో వేడిచే ఉక్కు కాఠిన్యము సడలును, ముద్రలును మాయును. సానరాతిపై నూఱునపుడు వెన్నును వాదరయును ఒక్కసారి రాతి నానియుండును. కావున వెన్ను మందమును మార్చినచో వాదర కోణమే మారును.

క్రొత్త పలకలకు పశువుల కొమ్ము చాలును. ఆఫ్రికా ఏనుగుల దంతముపై 1989లో అంతర్జాతీయ వాణిజ్య నిషేధము నిర్ణయింపబడినది. దంతమును బోలిన నకిలీ పిడి ముందుతరముల పరిశోధకులను త్రోవ తప్పించును. పలక లోపలి ముఖమున చేసిన సంవత్సరమును చెక్కవలెను. పాత పిడిని పాఱవేయక, గాలి యాడునట్లు, నిప్పునకు దూరముగ, వేఱుగ భద్రపఱుపవలెను. సెల్యులాయిడ్ మిక్కిలి సులభముగ మండును.

శిథిల ప్రతిని పరిష్కరించు పండితుడు లోపించిన పాదమును పూరించినను, ఆ పూరణము తనదని కుండలీకరణముచే తెలుపును. లోపలి పలకపై చెక్కిన సంవత్సరము చేయు పనియు నదియే.